మన్యపు విల్లు

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవానికి విల్లు దేవాలయములో మాత్రమే కనబడు వస్తువు. ఊరూర రామాలయమున్నది, ప్రతి రామాలయమునందును స్వామి యెడమచేత నిత్తడితోనో వెండితోనో చేసిన కోదండమొకటి యున్నది, నవమి దినములలో దానికి పూలు చుట్టుదురు, కన్నుల కద్దుకొందురు. కాని యా విల్లు వంగదు. దాని నెవ్వరును ఎక్కుపెట్టరు. అది వానకుబ్బదు, ఎండకు బీటలువారదు. కనుక దానిని కాపాడు విద్యతో మన పల్లెలకు పనిలేకపోయినది. వంగెడి విల్లును, పట్టినవాని చేతి చెమట యింకి నలుపెక్కిన విల్లును, అది వంగియు విరుగకుండుటకై మనుష్యుడు దానికి చేయు నుపచారములను కన్నులార చూడవలెనను తలంపుతో మార్గశిరమాసమున నొకనాటి ప్రాతఃకాలమందు రాజమహేంద్రవరములో మారేడుమిల్లికి పోవు బస్సెక్కితిని.

దూరము సుమారు 85 కిలోమీటర్లు. ఆ దారిలో డెల్టా యెట్లు క్రమక్రమముగా వెనుకబడునో గమనించుట నాకెప్పుడును ఇష్టమైన పని. కోరుకొండ నరసింహస్వామిని దాటువరకును పొలముల తడివాసన వెన్నంటి వచ్చును; గోకవరము గడచిన పిదప నేల యెరుపెక్కును, జీడిమామిడి తోపులు మొదలగును; రంపచోడవరము సమీపించుచుండగా కొండలు రెండు ప్రక్కలనుండియు దారిమీదికి జరిగివచ్చును. ఇచ్చట కాలువ యుండదు, వాగు ఉండును. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు టానకట్ట దిగువదేశమును ధాన్యాగారముగా మార్చినది గాని, అదే శతాబ్దిలో ఎగువనున్న యీ మన్యమునకు సర్కారునుండి చేరినది నీరు కాదు, పన్నులు. జీలుగు, తాటి కల్లుమీద విధించిన చిగురుపన్నును, గిరిజన పెద్దలైన ముఠాదారుల హక్కులపైబడిన దెబ్బలును కలిసి 1879లో రంప పితూరీగా రగుల్కొన్నవి. ఆ పితూరీకి పేరిచ్చిన రంప గ్రామము రంపచోడవరమునకు దాపుననే యున్నది. బస్సులోనివారెవ్వరును దానివంక తలయెత్తి చూడలేదు.

మారేడుమిల్లిలో బస్సు దిగినంతనే విండ్లు కనబడినవి. బొంగులో కోడికూర కాల్చియమ్ము పాకల ప్రక్కన, రంగులు పూసి, నైలాను త్రాడు బిగించి, పిల్లల యాటకై వ్రేలాడదీసిన విండ్లవి. నేను వెదకివచ్చినవి అవి కావు. ఆ ప్రాంతపు ఆశ్రమపాఠశాలలో ఉపాధ్యాయుడైన మిత్రుడొకడు నాకై నిరీక్షించుచుండెను. అతనితో గూడ రహదారి విడిచి, వెదురు పొదలనడుమ కాలిబాట పట్టి, కొండరెడ్ల పల్లె యొకటి చేరుకొంటిని.

మేము పోయిన యింటి గోడలు వెదురుతడికలే, వానిపై మట్టిమెత్తిరి. ఇంటి నడిమి భాగమున పొయ్యి, పొయ్యిపైన నొక అటుక, ఆ యటుకమీద విత్తనపు బుట్టలు, వాని సరసన, నారి దింపిన విల్లు. నారి దింపిన విల్లును చూచుట నాకదియే ప్రథమము. దానియందు యుద్ధచ్ఛాయ లేదు, వేటచ్ఛాయయు లేదు. కొంచెము వంగిన పొడవాటి బద్దవలె నూరక పరుండియున్నది. ఇంటి పెద్ద దానిని దింపి, భుజముమీది తుండుతో మసి తుడిచి, నా చేతికిచ్చెను. అది నిలువున నా గడ్డమువరకు వచ్చినది. నడుమ పిడికిలిపట్టుచోట మందముగా నుండి, రెండు కొప్పులవైపునకు సన్నగిల్లుచు పోయినది. ఆ సన్నగిల్లుటయందు ఒక్కచోటనైనను హెచ్చుతగ్గు కంటికి గాని వ్రేలికి గాని తగులలేదు.

"తాతా, దీన్ని ఎప్పుడు చేశారు?" అంటిని.

"నా పెద్దోడు పుట్టిన ఏడు కోసిన ఎదురు బాబూ. ఆడికిప్పుడు పిల్లలు" అని యతడు సమాధానమిచ్చెను.

ఒక తరముకాలము పనిచేసిన వెదురుముక్క! మన యిండ్లలో వెదురు నిచ్చెన రెండు వర్షాకాలములకే పుచ్చిపోవుట చూచినవాడనగుటచే నాకు నమ్మశక్యము కాలేదు. అంతకాలము అది యేల నిలిచినదో తెలిసికొనుటకే యా దినమంతయు వెచ్చించితిని. తెలిసినకొలది, ఆ విల్లు నిలుచుట దానిని చేసిన నేర్పువలనకంటె దానిని చూచుకొన్న శ్రద్ధవలననే యని నాకు స్పష్టపడినది.

మొదటి శ్రద్ధ పొదయొద్దనే ఆరంభమగును. ఈ యడవులలో వెదురు ముఖ్యముగా రెండు తెగలది. ముండ్లతో గుబురుగా పెరిగి లోపల బోలుగా నుండునది ఒకటి; దానిని బొంగు అందురు. సన్నగా పెరిగి, లోపల దాదాపు గట్టియైయుండునది రెండవది. దానిని కంక యనియు, సాధనపు వెదురనియు నందురు. విల్లు రెండవదానితోనే యగును. మూడేండ్లైనను నిండని గడ మెత్తన. మరీ ముదిరి బూజురంగు పట్టినది పెళుసు. పొద నడిబొడ్డున నితర గడలతో రాసికొనుచు పెరిగినదానిని ముట్టరు; నిప్పు తగిలినదానిని, పురుగుతొలిచినదానిని ముట్టరు. ఈ మాటలు వినుచుండగా నాకొక విస్మయము కలిగెను. వసిష్ఠుని పేర ప్రచారములోనున్న ధనుర్వేదమునందు వింటికి పనికిరాని వెదురును వర్ణించుచో అతిజీర్ణము, అపక్వము, జ్ఞాతులచే ఒరయబడినది, దగ్ధము, ఛిద్రము అని యించుమించుగ నిదే పట్టిక యున్నది. అగ్నిపురాణములోని ధనుర్వేదప్రకరణము శరత్కాలమున సేకరించిన వెదురునే శ్లాఘించినది. అక్షరము వ్రాయనేరని యీ వృద్ధుడు ఆ గ్రంథములనుండి దీనిని గ్రహింపలేదు. అడవిలో పొదలయొద్ద నిలిచి యెరిగినవారి యనుభవమునే ఆ గ్రంథకర్తలు శ్లోకములుగా కూర్చియుందురని నా విశ్వాసము.

"దీవాళి ఎల్లాక గాని కత్తి ఎయ్యం. వానల్లో కోత్తే పురుగు పట్టేత్తాది" అని యతడు చెప్పెను. వర్షర్తువునందు పెరుగుదలలో నుండు గడయందు నీరును, పురుగునకు ఆహారమైన పిండిపదార్థమును హెచ్చుగా నుండును; చలి దినములలో రెండును తగ్గును. కోసిన గడను వెంటనే చీల్చరు. పొయ్యిమీది యటుకపై శివరాత్రివరకు పొగ పట్టనిత్తురు. పొగ తడిని మెల్లగా లాగివేయును, పురుగును దరిజేరనీయదు. ఎండలో బెట్టి త్వరపడినచో పై చర్మమొక వేగమునను లోపలి కండ మరియొక వేగమునను ఎండి, కంటికి కనబడని చీలిక లేర్పడును. అట్టిది మొదటిసారి బిగించినప్పుడే ఫెళ్లున విరిగి ముఖమును గాయపరచును.

తరువాతి పని కత్తిది. ఇక్కడ సూత్ర మొక్కటే: నునుపైన పై చర్మముపై గీటైనను పడరాదు, చెక్కుట యంతయు లోపలివైపుననే. విల్లు వంగినప్పుడు విలుకానికి ఎదురుగానున్న వెలుపలి ముఖము సాగును, అతనివైపునున్న లోపలి ముఖము నలుగును. సాగుటకు వలసిన గట్టి నారపోగులు వెదురు చర్మముక్రిందనే దట్టముగా నమరియుండుటచే, ఆ చర్మము తెగినచోటనే విల్లు ప్రాణము పోవును. కొంత చెక్కుట, మోకాలిపై నానించి కొంచెము వంచి చూచుట, రెండు బాహువులును సమముగా వంగుచున్నవా యని వెలుతురునకెత్తి పరీక్షించుట, మరల చెక్కుట. ఈ క్రమము దినములకొలది సాగును. చివర గాజుపెంకుతో గీచి నునుపు చేయుదురు. వెదురు దొరకనిచోట తడకర్రతోను విండ్లు చేయుట కలదు. పూర్వ నిఘంటుకారులు ధనుర్వృక్షమని పేర్కొన్నది ఆ చెట్టునే.

ఏకకాష్ఠముతో, అనగా కొమ్మును స్నాయువును జిగురును కలుపక కేవలము కర్రతోనే చేయు విల్లు మనదేశమున కొక్కదానికే చెందినది కాదు. 1991లో ఆల్ప్స్ పర్వతముల మంచులో బయల్పడిన, సుమారు 5300 ఏండ్లనాటి మనుష్యుని ప్రక్కన యూ వృక్షపు కర్రతో చేసిన 1.82 మీటర్ల విల్లు దొరికినది. అతడు దానిని చెక్కి ముగింపకమునుపే మరణించియుండుటచే అది యసంపూర్తిగా నున్నది. ఇంగ్లండు విలుకాండ్రు అదే యూ కర్రలో బయటి తెల్లచేవను సాగువైపునను, లోపలి యెర్రచేవను నలుగువైపునను అమర్చుకొని రాజ్యముల తలవ్రాతలను మార్చిరి. మన పదాతుల విల్లు మనిషి నిలువెత్తు పొడవుండుననియు, దాని కొన నేల కానించి యెడమకాలితో త్రొక్కిపట్టి లాగుదురనియు, రెండవ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు అరియన్ వ్రాసినాడు. ఇన్ని దేశములవారు ఇన్ని చెట్లయందు వెదకిన రెండు గుణములు, సాగుటయు నలుగుటయు, మన్యపు వెదురునందు ఒక్క బద్దలోనే యున్నవి. ఆ సంగతి చెప్పగా ముసలాయన యేమియు ననక, వెదురును ప్రేమగా నిమిరెను.

నారియు వెదురుదే. ముదిరిన గడ చర్మమును సన్నని పేడుగా చీల్చి, కొనలను నారత్రాటితో ముడివేసి, కొప్పులకు తగిలింతురు. పక్వమైన వెదురుచర్మముతో నారి చేయుటను వసిష్ఠ ధనుర్వేదమును చెప్పినది; భాద్రపదమాసమున జిల్లేడు నారయు మంచిదని అందేయున్నది. మూర్వ యని సంస్కృతమునందు ప్రసిద్ధమైన చాగనార మరియొకటి. 1781 మొదలు 1793లో కలకత్తా పోవువరకు మన సామర్లకోటలో నుండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ పేరనే ఆ చాగ నేటికిని శాస్త్రగ్రంథములలో పిలువబడుచున్నది.

ఇక కాపాడుట. దీనినిగూర్చి ముసలాయన చెప్పినంత విపులముగా మరి దేనినిగూర్చియు చెప్పలేదు. "పని లేనప్పుడు నారి దించెయ్యాల. బిగిచ్చి వొదిలేత్తే అది వొంకరకే అలవాటు పడిపోద్ది. ఇంక తిరిగి కొట్టదు." అటుకమీదినుండి దింపినంతనే నిండుగా లాగరాదు. మొదట కొంచెము, పిదప మరికొంచెము వంచి, దాని కీళ్లు మేలుకొలుపవలెను. చలికాలపు వేకువలో నయినచో అరచేతితో రుద్ది వెచ్చజేయవలెను. బాణము లేక నారిని లాగి విడువరాదు. బాణమునకు పోవలసిన బలమంతయు వింటిలోనికే మరలి దానిని చీల్చును. లాగి పట్టుకొని గురిచూచుచు జాగుచేయుటయు తగదు. మూల కానించి నిలబెట్టిన విల్లు ఒకవైపునకు వంగిపోవును. పండబెట్టవలెను, లేదా నడుమపట్టి వ్రేలాడదీయవలెను. వానలో తడిసినచో ప్రొయ్యిసెగకు దగ్గరగా పెట్టరాదు. తుడిచి నీడలో ఆరనిచ్చి, పిదప పొగలోని కెక్కింపవలెను. ఏడాదికి రెండుమారులు ఇప్పనూనె పట్టింతురు. తొలకరికి ముందొకసారి, వానలు వెనుదీసిన పిదప నొకసారి. వేసవిలో నారి యెండి పెళుసెక్కును గనుక దానిని తడిగుడ్డతో తుడిచి, నూనెవ్రేలితో సాగదీసి, చిన్న పోగు లేచినను తీసివేసి క్రొత్తది కట్టుదురు. నారి చవుక, విల్లు ప్రియము.

బాణములకును ఇట్టి శుశ్రూషయే. సన్నని వెదురు కాడను నిప్పుసెగపై త్రిప్పుచు వంకరలు తీయుదురు. పింజకు రాలిన నెమలియీకలు కట్టుదురు. ఇనుప ములికి కమ్మరి చేసియిచ్చినది. పిట్టలకు ములికి లేని మొద్దుబాణము చాలును. వేయుటకు ముందు ప్రతి కాడను వ్రేళ్లనడుమ వంచి చెవియొద్ద బెట్టుకొని విందురు; లోన చీలికయున్న కాడ చిటచిటమనును, అట్టిది పొయ్యిలోనికి పోవును.

మారేడుమిల్లి రహదారిపక్క విడిది యొకదాని ముంగిట, గోడకు మేకులు కొట్టి తగిలించిన నిజమైన పాతవిల్లు నొకదానిని తిరుగుప్రయాణమున చూచితిని. అతిథుల ఛాయాచిత్రములకై యది యెల్లవేళల నారి బిగించియే యున్నది. దాని వంకర యిక మరలనిది. చిత్రములో అదియే అందముగా కనబడును. నాకు మాత్రము దానిని చూడ దుఃఖము కలిగెను.

వేట మాట యెత్తకుండ విల్లుమాట ముగియదు. వైశాఖ జ్యేష్ఠములలో, విత్తులకు ముందు, ఇచ్చటి కోయలును కొండరెడ్లును భూమిపండుగ చేసికొందురు. విత్తనములను నేలతల్లికి చూపి పూజింతురు. మగవారు విండ్లు పట్టి అడవికి పోవుదురు. ఆడువారు దారులకడ్డముగా వెదురుగడలు పట్టి బాటసారులయొద్ద కానుకలు వసూలుచేయుదురు. ఉత్తచేతులతో తిరిగివచ్చిన వేటగాండ్రను పేడనీళ్లతో పరిహసింతురు. విశాఖ మన్యములో ఇటుకలపండుగయు నిట్టిదే. వెదురువింటి వేట దూరపు వేట కాదు. ఇరువది ముప్పది యడుగులకు చేరువగా మాటువేసి, గాలి తనవైపునకు వీచునట్లు నిలిచి, మృగము ప్రక్క చూపువరకు ఊపిరి బిగించి, ఒక్క బాణముతో పని ముగింపవలెను. గాయపడి తప్పించుకొన్న మృగము జాడను ప్రొద్దుగ్రుంకువరకైనను విడువక వెంబడించుట ధర్మము. ధూర్జటి శ్రీకాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటను వర్ణించినాడు. ఆ బోయకుమారుని వెనుక నిట్టి శిక్షణయే యున్నదని యీ ముసలాయన మాట వినిన పిదప నాకు తోచినది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. గోదావరి కిరువైపుల పాపికొండలు 1978లో అభయారణ్యమును, 2008లో జాతీయోద్యానమును ఐనవి. ఈ నిషేధము న్యాయమైనదనియే నేను తలచెదను. నేడు మిగిలిన కణుజులను, అడవిదున్నలను పండుగపేరిట పోగొట్టుకొనుట భూమితల్లికి ప్రీతి కానేరదు. వేట లేక మన్యము బ్రతుకజాలదనుటయు నిజము కాదు. 1941లో ఈ కొండల నైజాము వైపున కొండరెడ్లతో నివసించి, 1945లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించిన మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చూపినట్లు, వారి జీవనము పోడుపంటమీదను, కరవుదినములలో జీలుగుచెట్టు దవ్వమీదను నడచినది. ముసలాయనయు "ఇప్పుడు ఏటకి ఎల్లం బాబూ, పండక్కి కొమ్మకి కట్టిన గుమ్మడికాయనే కొడతాం" అనెను. అతని కంఠములో ఫిర్యాదు లేదు.

విల్లు మన్యమునకు గౌరవచిహ్నమైనది మరియొక కారణమున. కూడళ్లలో నిలిచిన అల్లూరి సీతారామరాజు విగ్రహములలో పెక్కింట విల్లు కనబడును. చరిత్ర చెప్పునది కొంచెము వేరు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి ఆయన తీసికొనిపోయినది తుపాకులను, మందుగుండును. రాజ్యశక్తి నెదుర్కొనుటకు వెదురు చాలదని ఆయన యెరుగును. అయినను 1924 మే 7న కొయ్యూరులో ఆయన మరణించిన పిదప జనుల కన్నులలో నిలిచిన రూపము ధనుర్ధారిదే. ఆయన వెంట నడచినవారి యిండ్లలో పొయ్యిపైన నున్నది విల్లు కనుక, ఆ రూపము వారికి సత్యము. నేను దానిని తప్పుపట్టజాలను.

నాకు భయము కలిగించునది వేటనిషేధము కాదు. నూరేండ్లకు పూర్వమే రాజమహేంద్రవరమున కాగితపు మిల్లు వెలసినది; మన్యపు వెదురు కట్టలుకట్టలుగా కొండ దిగి అచట గుజ్జైనది. ఒకవైపు బండ్లకొలది వెదురు దిగుచుండగా, మరియొకవైపు వింటికై ఒక్క గడ కోసినవాడు దోషియై బెదరుచు బ్రతికినాడు. 2006 అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలసాయముగా చేర్చి గిరిజనునకు దానిపై హక్కు నిచ్చినది. కాని హక్కు కాగితముమీదికి వచ్చునంతలో, గడను చూచి మంచిచెడ్డలు చెప్పగల కన్నులు పల్లెకొకటి రెండుగా తగ్గిపోయినవి. ముసలాయన మనుమలు విల్లు లాగగలరు, చెక్కలేరు.

మన రాష్ట్రమున విలువిద్యకు ఆదరము లేకపోలేదు. విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణములు తెచ్చినది. ఆమె పట్టినది కప్పీలును లోహమును గల కాంపౌండు విల్లు. రాజస్థానపు అహారీ గిరిజన బాలుడు లింబారాం వెదురువింటితో అడవిలో తిరుగుచుండగా 1987లో ఎంపికై, మూడు ఒలింపిక్స్ పోటీలలో దేశముతరఫున నిలిచెను. వెదురు విల్లు అట్టి చేతులను తయారుచేయగలదు. మా మిత్రుని పాఠశాలలో నూరుమందికి పైగా బాలురున్నారు. కార్తికమున గడ కోసి, శివరాత్రివరకు పొగలో నుంచి, ఫాల్గుణ చైత్రములలో చెక్కినచో భూమిపండుగనాటికి విల్లు సిద్ధమగును; బడిసంవత్సరమును అప్పటికే ముగియును. గడ్డిమోపు గురి చాలును, మృగము అక్కరలేదు. ఈ యాలోచన మేము చెప్పగా ముసలాయన చాలసేపు విని, "నేర్పుతాను, నాకేం? ఎదురు కొయ్యనిత్తారా మరి?" అని యడిగెను.

గ్రామసభ తీర్మానము వ్రాయించి అటవీ కార్యాలయమునకు తానే పట్టుకొనిపోయెదనని మిత్రుడు మాట యిచ్చెను. ఏ పొదలోని గడలు కావలెనో తీర్మానములో వ్రాయవలసియుండునని అతడనగా, ముసలాయన లేచి కత్తి తీసికొని, చూపించెద రమ్మని మాకు ముందుగా నడచెను. వాగు నవతలి యొడ్డున మూడు పొదలు చూపి, ఒకదానిలో మూడు గడలను, ఇంకొకదానిలో రెండింటిని వ్రేలితో మీటి, మూడవ పొద మరి రెండేండ్లు ఆగవలెనని చెప్పెను.